గోల్‌కీపర్ ముందుచూపు: కళ్లకి శిక్షణ ఎందుకు, ఎలా?

మన గోడపత్రికలో ఎప్పుడూ కవితలూ పుస్తక పరిచయాలే కదా, ఈసారి ఫుట్‌బాల్ ఏంటి అని కొందరు అడగొచ్చు. కారణం ఉంది. మన కాలేజీ జట్టుకి నేను గోల్‌కీపర్ని. అంతర్ కళాశాల పోటీలకి ముందు జట్టు నిధిలో మిగిలిన కొద్ది డబ్బుతో ఏం కొనాలన్న చర్చ మొదలైంది. వెలిగిన లైటుని చేత్తో తాకితే ఆరిపోతుంది చూడండి, అలాంటి రంగు లైట్ల సెట్టు కొంటే కీపర్ కళ్లు చురుకవుతాయని కొందరన్నారు. నాలుగు మంచి బంతులు కొంటే చాలని ఇంకొందరన్నారు.

నాకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. నాకు కళ్లద్దాలున్నాయి. కాలేజీలో చేరకముందు నేను వెళ్లిన ఒక శిబిరంలో "అద్దాల పిల్ల గోల్‌లో ఎందుకు, వెళ్లి డిఫెన్స్‌లో ఆడు" అని పంపేశారు. ఆ మాట ఎంతవరకు నిజం? కీపర్‌కి కావలసింది పదునైన కళ్లేనా, ఇంకేదైనా ఉందా?

ఈ రెండు ప్రశ్నల కోసం చదివింది, గ్రౌండ్‌లో ప్రయత్నించి చూసింది పాఠంలా రాస్తున్నాను. ఫుట్‌బాల్ చూడనివాళ్లకి కూడా అర్థం కావాలని మొదటినుంచి చెప్తాను.

ముందు కొంచెం లెక్క

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కిక్‌కి బంతిని పెట్టే చుక్క గోల్ లైనుకి 11 మీటర్ల దూరంలో ఉంటుంది. కిక్ గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. అంటే సెకనుకి 25 మీటర్లు. 11 మీటర్లు దాటడానికి 0.44 సెకను పడుతుంది.

ఇప్పుడు కీపర్ వైపు లెక్క. కంటికి ఒకటి కనపడి, మెదడు దాన్ని గుర్తించి, కండరం కదలడం మొదలుపెట్టడానికి మామూలు మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. దీన్ని మీరే కొలుచుకోవచ్చు. స్నేహితురాలిని 30 సెంటీమీటర్ల స్కేలుని నిలువుగా పట్టుకోమనండి. కింద సున్నా దగ్గర మీ బొటనవేలూ చూపుడువేలూ తాకకుండా ఉంచండి. ఆమె చెప్పకుండా వదిలేస్తుంది, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన సమయం 0.2 సెకను. 30 దగ్గర పట్టుకుంటే దాదాపు 0.25.

మరి 0.44 లోంచి 0.2 తీసేస్తే మిగిలింది పావు సెకను కూడా లేదు. గోల్ మధ్యనుంచి ఒక్కో కంబం 3.66 మీటర్ల దూరం. పావు సెకనులో ఎవరూ అంత దూరం ఎగిరి చేరలేరు. అంటే బంతి కదిలాక చూసి, అప్పుడు నిర్ణయించుకునే కీపర్, మూలకి వేసిన గట్టి కిక్‌ని ఆపలేదు. ఎంత చురుకైన కళ్లున్నా లెక్క ఒప్పుకోదు.

అయినా కీపర్లు ఆపుతున్నారు. 2023 ఆగస్టు 20న సిడ్నీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి జెన్నిఫర్ హెర్మోసో వేసిన పెనాల్టీని ఇంగ్లండ్ కీపర్ మేరీ ఎర్ప్స్ ఆపింది. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 1-0తో ఓడినా ఆ టోర్నీలో ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి ఎర్ప్స్‌కే వచ్చింది. కాలు బంతికి తగలకముందే సమాచారం ఎక్కడో దొరుకుతోందన్నమాట. దాన్ని చదవడం నేర్చుకోవడమే కంటి శిక్షణ. దీనికి మనకి చక్కటి మాట ముందే ఉంది: ముందుచూపు.

ఈ గోడ ముందే ఒక ప్రయోగం

మీరు ఇప్పుడు గోడపత్రిక ముందే నిలబడి ఉన్నారు కాబట్టి ఇది చేసి చూడండి. ఈ వాక్యంలోని "గోడపత్రిక" అన్న మాట మీద చూపు నిలపండి. కళ్లు కదపకుండా పక్క కాగితం మీద ఏం రాసుందో చదవండి. చదవలేరు. అక్కడ కాగితం ఉందనీ అక్షరాలున్నాయనీ తెలుస్తుంది, అంతే. పక్కనుంచి ఎవరైనా నడిచివెళ్తే మాత్రం వెంటనే తెలుస్తుంది.

కంటి వెనక రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. స్పష్టంగా చూసే పని దానిదే. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలి గోరుని చూస్తే, ఆ గోరంత మేరలోనే మనకి చూపు బాగా పదునుగా ఉంటుంది. కోణంలో చెప్తే సుమారు రెండు డిగ్రీలు. మిగతాదంతా ఓరచూపు. మన పాఠాల్లో నాయికలకి ఓరచూపు శృంగారం. కీపర్‌కి అది కాపలా: వివరం తెలియకపోయినా కదలికని అది ఇట్టే పట్టేస్తుంది.

ఇంకో సంగతి. ఒకచోటినుంచి ఇంకోచోటికి చూపు మార్చినప్పుడు కళ్లు జారవు, గెంతుతాయి. ఆ గెంతు జరిగేంతసేపూ మెదడు స్పష్టమైన బొమ్మని తీసుకోదు. నమ్మకపోతే అద్దంలో మీ ఎడమ కంటిని, తర్వాత కుడి కంటిని చూడండి. కళ్లు కదలడం మీకు కనపడదు. పక్కన నిలబడ్డవాళ్లకి కనపడుతుంది. అంటే అటూ ఇటూ గబగబా చూసే కీపర్ ఎక్కువ చూస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి తక్కువ చూస్తుంది.

ఇప్పుడు ఈ రెండు డిగ్రీలని గ్రౌండ్‌లోకి తీసుకెళ్దాం. 11 మీటర్ల దూరంలో రెండు డిగ్రీలంటే సుమారు 38 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం. ఫుట్‌బాల్ అడ్డుకొలత 22 సెంటీమీటర్లు. కిక్ వేసే అమ్మాయి ఆఖరి అడుగులో ఆనించే కాలుని బంతి పక్కనే వేస్తుంది. తన్నే కాలు కూడా అక్కడికే వస్తుంది. అంటే ఆ ఆఖరి క్షణంలో బంతి, ఆనిన కాలు, తన్నే కాలు దాదాపు ఒకే వలయంలోకి వచ్చేస్తాయి. మీరు ఆమె మొహాన్ని చూస్తూ ఉంటే ఈ మూడూ ఓరచూపులోకి జారిపోతాయి.

ఆరితేరినవాళ్లు ఎక్కడ చూస్తారు?

2002లో నెదర్లాండ్స్‌కి చెందిన గీర్ట్ సావెల్స్‌బెర్గ్, మార్క్ విలియమ్స్ తదితరులతో కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. పెనాల్టీ వేసే ఆటగాళ్ల వీడియోలని తెరమీద చూపించి, బంతి ఎటు వస్తుందో జాయ్‌స్టిక్ కదిపి చెప్పమన్నారు. అనుభవమున్న కీపర్లనీ, కొత్తవాళ్లనీ విడివిడిగా పరీక్షించారు. వాళ్ల చూపు ఎక్కడ నిలుస్తోందో ఒక పరికరంతో కొలిచారు.

ఆరితేరినవాళ్లు తక్కువ చోట్ల చూశారు, చూసినచోట ఎక్కువసేపు నిలిచారు. కాలు బంతిని తాకే క్షణం దగ్గరపడేకొద్దీ వాళ్ల చూపు తన్నే కాలు, ఆనే కాలు, బంతి ఉన్న చోటుకి చేరింది. కొత్తవాళ్ల చూపు ఎక్కువగా ఒంటిమీద, చేతులమీద, నడుం దగ్గర తిరిగింది. ఇక్కడ తేడా కంటి పదునులో లేదు, చూపుని ఎక్కడ పెట్టాలో తెలియడంలో ఉంది.

అంతకు ముందు, 1997లో, కెనడాకి చెందిన ఇయాన్ ఫ్రాంక్స్ తదితరులు 1982 నుంచి 1994 వరకు ప్రపంచ కప్పుల్లో వేసిన పెనాల్టీలని పరిశీలించారు. పరుగు వచ్చే కోణం, ఒంటి వాలు, ఇలా చాలా గుర్తుల్ని పోల్చి చూస్తే, కీపర్‌కి కదిలే వ్యవధి ఇస్తూ ఎక్కువ నమ్మదగిన గుర్తుగా తేలింది ఆనే కాలి దిశ. ఆ పాదం వేళ్లు ఎటు తిరిగి ఉంటే బంతి తరచు అటే వెళ్తుంది. తరచు అన్నాను, ఎప్పుడూ అనలేదు. బాగా ఆడేవాళ్లు దీన్ని కూడా మభ్యపెట్టగలరు.

మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన అర్జునుడి కథలు రెండున్నాయి. ద్రోణుడు పరీక్ష పెట్టినప్పుడు పిట్ట కన్ను తప్ప ఇంకేదీ కనపడలేదన్న కథని అందరూ ఏకాగ్రతకి ఉదాహరణగా చెప్తారు. కీపర్‌కి నా దృష్టిలో రెండోదే దగ్గర. మత్స్యయంత్రం. అర్జునుడు కింద నీళ్లలో నీడని చూస్తూ పైనున్న చేపని కొట్టాడు. చూసింది ఒకదాన్ని, కొట్టింది ఇంకొకదాన్ని. కీపర్ కూడా అంతే: కాలుని చూసి బంతిని పట్టాలి.

తెరమీద చూపు, గ్రౌండ్‌లో చూపు ఒకటి కాదు

ఇక్కడితో ఆగితే పాఠం సగమే. మ్యాట్ డిక్స్, క్రిస్ బటన్, కీత్ డేవిడ్స్ 2010లో ఇంకో ప్రశ్న వేశారు. తెరమీద చూసి నోటితో చెప్పేటప్పుడూ, నిజంగా బంతిని ఆపేటప్పుడూ కీపర్ చూపు ఒకేలా ఉంటుందా? అనుభవమున్న కీపర్లని రెండు రకాలుగానూ పరీక్షించారు. వీడియో చూసి జవాబు చెప్పేటప్పుడు వాళ్లు కిక్ వేసేవాడి ఒంటిని ఎక్కువసేపు చూశారు. నిజంగా గోల్‌లో నిలబడి ఆపాల్సి వచ్చినప్పుడు చూపు ముందుగానే బంతి మీదికి వెళ్లి, అక్కడ ఎక్కువసేపు నిలిచింది.

మా కోచ్ రోజూ అరిచే మాట "పందు మేల కన్ను వై!" అంటే బంతి మీద కన్ను పెట్టమని. ఆమె తమిళంలో పందు అంటుంది, మనం బంతి అంటాం, మాట ఒకటే. 2002 పరిశోధన చదివినప్పుడు కోచ్ మాటకి ఇది ఎదురేమో అనుకున్నాను. 2010 నాటిది చదివాక ఎదురు లేదని అర్థమైంది. పరుగు మొదట్లో మొత్తం ఒంటిని ఒకసారి అందుకుని, ఆనే కాలు నేలకి తగిలే ముందే చూపుని బంతి ఉన్న వలయంలో నిలిపేయాలి. అక్కడినుంచి కాలూ కనపడుతుంది, బంతీ కనపడుతుంది. ఆ తర్వాత చూపు గెంతకూడదు.

చూపూ కదలికా కలిసే నేర్చుకోవాలన్నది ఇందులో ముఖ్యమైన సంగతి. కుర్చీలో కూర్చుని వీడియోలు చూస్తే కళ్లు కుర్చీకి తగ్గట్టే నేర్చుకుంటాయి.

ఆగడం కూడా ఒక నైపుణ్యం

కంటి శిక్షణ అంటే చూడటం ఒక్కటే కాదు. చూసినదాన్ని మెదడు ఏం చేస్తుందన్నది ఇంకో సగం. ఇందులో అన్నిటికన్నా కష్టం, ఆగడం.

ఇజ్రాయెల్‌లో మైకేల్ బార్-ఎలీ, ఓఫర్ అజార్ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో 286 పెనాల్టీలని పరిశీలించారు. అందులో 28.7 శాతం కిక్‌లు గోల్ మధ్యకే వచ్చాయి. కీపర్లు కదలకుండా మధ్యలో ఉన్నది 6.3 శాతం సార్లే. నిలబడి ఉంటే దొరికే బంతులకి కూడా ఎటో ఒకవైపు దూకేశారు. ఎందుకు? దూకి గోల్ ఇస్తే "పాపం, ప్రయత్నించింది" అంటారు. నిలబడి గోల్ ఇస్తే "చూస్తూ నిలబడింది" అంటారు. ఆ మాట పడలేక దూకుతాం. గోల్‌లో నిలబడే ఎవరికైనా ఇది తెలిసిన బాధే.

కిక్ వేసేవాళ్లలో కొందరు కీపర్‌నే చూస్తూ వస్తారు. కీపర్ ముందే ఒకవైపు వాలితే రెండోవైపు వేస్తారు. అలాంటివాళ్ల ముందు తొందరపడటమంటే మన చేతిలో ముక్కలు చూపించి పేకాట ఆడటమే.

కిక్ వేసేవాళ్లకీ కళ్ల సమస్య ఉంది. మార్క్ విల్సన్, గ్రెగ్ వుడ్, శామ్యూల్ వైన్ 2009లో చూపించింది ఏంటంటే, ఆందోళనలో ఉన్నప్పుడు వాళ్లు కీపర్ వైపు తొందరగా చూస్తారు, ఎక్కువసేపు చూస్తారు, అప్పుడు బంతి కూడా కీపర్‌కి దగ్గరగా, మధ్యకి వస్తుంది. చూపు ఎటు పోతే బంతి అటు పోతుంది. అందుకే కీపర్ లైను మీద చేతులు చాపి, ఒళ్లు పెద్దదిగా కనపడేలా నిలబడాలి. ఆమె చూపుని మనవైపు లాగడం కూడా ఆపడంలో భాగమే.

ఒక చీటీ కథ చెప్తాను. 2006 జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీ, అర్జెంటీనాల మధ్య క్వార్టర్ ఫైనల్ పెనాల్టీలకి వెళ్లింది. జర్మనీ కీపర్ యెన్స్ లేమన్‌కి కోచ్ ఆండ్రియాస్ క్యోప్కే ఒక చీటీ ఇచ్చాడు. ఏ ఆటగాడు ఎటు వేస్తాడో పెన్సిల్‌తో రాసిచ్చాడు. లేమన్ దాన్ని మేజోడులో దోపుకుని, ఒక్కో కిక్‌కి ముందు తీసి చూశాడు. అయాలా కిక్‌ని ఆపాడు. ఆఖరున వచ్చిన కాంబియాసో పేరు ఆ చీటీలో లేదు. అయినా లేమన్ చీటీ తీసి చదివినట్టు చూశాడు, ఆ కిక్‌నీ ఆపాడు. జర్మనీ గెలిచింది. ముందే తెలిసిన సమాచారం ఉపయోగమే. అది లేనిచోట మాత్రం కళ్లే దిక్కు.

లైట్లు, అద్దాలు, తెరలు: ఏది పనికొస్తుంది?

ఇక జట్టు నిధి సంగతి. మార్కెట్లో కంటి శిక్షణ పేరుతో దొరికేవి మూడు రకాలు.

మొదటివి తాకితే ఆరే లైట్లు. వాటితో సాధన చేస్తే లైట్లని తాకడం తప్పకుండా బాగా వస్తుంది. కానీ లైటు ముందస్తు గుర్తు ఏదీ ఇవ్వదు. దానికి ఆనే కాలు లేదు, పరుగు లేదు. ముందుచూపు నేర్పే గుణం అందులో లేదు. ఒళ్లు వేడెక్కడానికి, పక్కకి అడుగు వేగంగా వేయడానికి బాగానే ఉంటుంది.

రెండోవి స్ట్రోబ్ అద్దాలు. అవి క్షణక్షణానికీ మూసుకుని తెరుచుకుంటూ చూపుని ముక్కలు చేస్తాయి. తక్కువ సమాచారంతో బంతిని పట్టడం అలవాటు చేయాలన్నది ఉద్దేశం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ ఆపెల్‌బామ్ బృందం 2011లో వీటిని పరీక్షించింది. కదలికని గుర్తించడం లాంటి కొన్ని విషయాల్లో మెరుగుదల కనిపించింది. ఒకేసారి అనేక వస్తువుల్ని వెంటాడే పరీక్షలో కనిపించలేదు.

మూడోవి తెరమీద కదిలే గోళాల్లో కొన్నిటిని కళ్లతో వెంటాడే కంప్యూటర్ ఆటలు. వీటిని కెనడాలో జోసెలిన్ ఫోబెర్ అభివృద్ధి చేశారు. వృత్తి క్రీడాకారులు ఈ పనిని మిగతావాళ్లకన్నా వేగంగా నేర్చుకుంటారని ఆయన 2013లో చూపించారు.

వీటన్నిటినీ తూచడానికి నాకు బాగా ఉపయోగపడింది ఆస్ట్రేలియాకి చెందిన బ్రూస్ అబెర్నెథీ, జోవాన్ వుడ్‌ల 2001 నాటి పరిశోధన. అందరికీ ఒకటే అన్నట్టు అమ్మే కంటి వ్యాయామాల్ని వాళ్లు పరీక్షించారు. ఆ వ్యాయామాలు చేసినవాళ్లు, చేయనివాళ్లకన్నా ఆటలో మెరుగుపడలేదు. అదే, ఆటలోని దృశ్యాలతోనే ఇచ్చే శిక్షణ వేరు. సావెల్స్‌బెర్గ్ బృందం 2010లో పెనాల్టీ వీడియోల్లో చూడాల్సిన చోటుని ప్రత్యేకంగా కనపడేలా చేసి సాధన చేయిస్తే, బంతి దిశని ఊహించడం మెరుగైంది.

కాబట్టి ఏ పరికరం గురించైనా మూడు ప్రశ్నలు వేయాలి. ఇది చూపించేది ఆటలో నిజంగా కనపడేదేనా? నేను ఇచ్చే జవాబు ఆటలో ఇచ్చేదేనా, అంటే ఒళ్లు కదులుతోందా? మెరుగుదలని కొలిచింది పరికరం మీదా, గోల్‌లోనా? లైట్ల సెట్టు ఈ మూడింటిలో రెండోదానికి సగం మాత్రమే పాసవుతుంది.

హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ 1956, 1960 ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్లలో గోల్‌కీపర్. 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి మనవాళ్లు ఏషియన్ గేమ్స్ స్వర్ణం సాధించిన ఫైనల్లో గోల్ కాసింది ఆయనే. అప్పటికి ఈ పరికరాల్లో ఏదీ పుట్టలేదు. వేలాది నిజమైన కిక్‌లే ఆయన కళ్లకి బడి.

అద్దాల పిల్ల సంగతి

ఇప్పుడు రెండో ప్రశ్న. కంటిచూపు అసలు ముఖ్యం కాదని నేననను. దూరం మసకగా ఉంటే ఆనే కాలి దిశ కనపడదు. కాబట్టి మొదటి కంటి శిక్షణ కంటి డాక్టర్ దగ్గరే: పరీక్ష చేయించుకుని సరైన అద్దాలు పెట్టుకోవడం. ఫుట్‌బాల్ నియమావళిలోని నాలుగో నియమం క్రీడల కోసం తయారైన కళ్లద్దాల్ని అనుమతిస్తుంది. మామూలు గాజు అద్దాలు ప్రమాదం, విరగని ప్లాస్టిక్ కటకాలూ తలకి పట్టే పట్టీ ఉన్నవి కావాలి.

ఇంగ్లండ్ కీపర్ గోర్డన్ బ్యాంక్స్ పేరు వినే ఉంటారు. 1970 ప్రపంచ కప్‌లో పెలే తలతో కొట్టిన బంతిని ఆయన ఆపిన తీరుని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1972 అక్టోబరులో కారు ప్రమాదంలో ఆయన కుడి కంటి చూపు పోయింది. రెండు కళ్లూ కలిసి చూస్తేనే దూరం బాగా అంచనా వేయగలమని సైన్సు పాఠంలో చదువుకున్నాం కదా. అయినా ఆయన 1977లో అమెరికా లీగ్‌లో ఫోర్ట్ లాడర్‌డేల్ జట్టుకి మళ్లీ గోల్‌లో నిలబడ్డాడు. ఆ ఏడాది ఆ లీగ్ ఉత్తమ గోల్‌కీపర్ ఆయనే. ఒంటికన్ను మేలని దీనర్థం కాదు. ఏళ్ల తరబడి కిక్‌లు చదివిన మెదడు, కంటి లోటుని ఎంతవరకు పూడ్చగలదో చెప్పడానికే ఈ ఉదాహరణ.

కళ్లకి చెవులు కూడా తోడు. డబ్లిన్ సిటీ యూనివర్సిటీకి చెందిన మైకేల్ క్విన్ స్వయంగా గోల్‌కీపర్‌గా ఆడినవాడు. 2023లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో, కనపడినదీ వినపడినదీ ఒకే క్షణంలో జరిగాయా వేర్వేరుగానా అన్నది గోల్‌కీపర్లు మిగతా ఆటగాళ్లకన్నా కచ్చితంగా చెప్పగలిగారు. బంతి తగిలిన చప్పుడు కూడా సమాచారమే. సాధనలో చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే మన అలవాటు మానాలి.

ఖర్చు లేని ఐదు సాధనలు

ఇవి మేం చేస్తున్నవి. ఒంట్లో అలసట లేనప్పుడు, మొదటి పదిహేను నిమిషాల్లోనే చేయాలి. అలసిన మెదడుకి కొత్త పాఠం ఎక్కదు.

ఒకటి, ఆపిన వీడియో. ఫోన్‌ని గోల్ లైను మీద కీపర్ కళ్ల ఎత్తులో పెట్టి మనవాళ్ల కిక్‌లు తీయాలి. తర్వాత, కాలు బంతికి తగిలే చోట ఆపి, ఎడమా కుడా మధ్యా అని నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు ముందుకు నడపాలి. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకి 30 బొమ్మలుంటాయి. కొన్నాళ్లయ్యాక తగలడానికి 3 బొమ్మల ముందు ఆపాలి, అంటే 0.1 సెకను. ఆ తర్వాత 6 బొమ్మల ముందు, అంటే 0.2 సెకను. మూడు జవాబుల్లో గుడ్డిగా ఒకటి చెప్పినా దాదాపు మూడింట ఒకటి ఒప్పవుతుంది. నిలకడగా అంతకు మించితేనే నేర్చుకున్నట్టు లెక్క.

రెండు, అదే పాఠం నిజం బంతితో. వీడియో అవగానే గోల్‌లో నిలబడాలి. నియమం ఒకటే: ఆనే కాలు నేలకి తగిలేదాకా కదలకూడదు. మొదట్లో కిక్ నెమ్మదిగా వేయమనాలి. గోల్ అయినా ఫరవాలేదు, ముందే కదిలితేనే తప్పు.

మూడు, చీర తెర. రెండు కర్రల మధ్య పాత చీరని కిక్ వేసే అమ్మాయి ముందు కట్టాలి. మోకాళ్ల కింద మాత్రమే కనపడాలి. బంతి నేలబారుగా చీర కిందనుంచి రావాలి. మొహం, చేతులు, భుజాలు కనపడవు కాబట్టి చూపు తనంతట తనే కాళ్ల దగ్గరికి చేరుతుంది. కొన్ని కిక్‌ల తర్వాత చీర తీసేసి మళ్లీ చేయాలి.

నాలుగు, ఓరచూపు లెక్క. ఎదురుగా ఒకరు బంతి విసురుతూ ఉంటారు. పక్కన ఇంకొకరు అప్పుడప్పుడు వేళ్లు పైకెత్తుతారు. బంతి మీంచి చూపు తీయకుండా ఎన్ని వేళ్లో చెప్తూ బంతి పట్టాలి. కార్నర్ కిక్ వచ్చినప్పుడు వెనక కంబం దగ్గరికి ఎవరు పరిగెత్తుతున్నారో తెలియడానికి ఇదే పనికొస్తుంది.

ఐదు, రంగు బంతులు. టెన్నిస్ బంతుల మీద స్కెచ్ పెన్‌తో రంగు చుక్కలు పెట్టి, ఒకేసారి రెండు విసిరి, విసిరాక రంగు పేరు పిలవాలి. పిలిచినదాన్ని పట్టి, రెండోదాన్ని వదిలేయాలి. వదిలేయడమే ఇందులో పాఠం.

చివరిగా

నేను చదివినదాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే: కీపర్ కంటికి కావలసింది వేగం కన్నా, ఎక్కడ నిలవాలో తెలియడం. అది పుట్టుకతో వచ్చే వరం కాదు, కిక్ తర్వాత కిక్ చదివి నేర్చుకునే భాష. భాష నేర్చుకోవాలంటే మాట్లాడేవాళ్లు రకరకాలుగా ఉండాలని మన శాఖలో అందరికీ తెలుసు. ఒకే ముగ్గురి కిక్‌లు చూస్తే ఆ ముగ్గురి యాసే వస్తుంది.

అందుకే వచ్చే జట్టు సమావేశంలో నా మాట ఇది: లైట్లు వద్దు, బంతులు కొందాం. ఇక మీతో ఒక పని. శనివారం సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండ్‌కి రండి. ఫుట్‌బాల్ రాకపోయినా సరే, చెప్పులు కాకుండా షూ వేసుకుని వస్తే చాలు. ఒక్కొక్కరు పది కిక్‌లు వేయండి. ఎడమకాలివాటం ఉన్నవాళ్లు తప్పకుండా రావాలి, జట్టులో అలాంటివాళ్లు ఎవరూ లేరు. మేడమ్‌లు కూడా రావొచ్చు. మీ ఆనే కాలుని నేను చదువుతాను.

— మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్,
బి.ఎ. తెలుగు, రెండో సంవత్సరం, చెన్నై